పంపు, కాస్టిక్ సోడా, స్ప్రే బాల్: బీరు సామాను కడిగే ఏర్పాటు, ప్రాజెక్టు డైరీ

శంకు అడుగున్న ఫర్మెంటర్ (బీరు పులియబెట్టే తొట్టి) మూతి ఇరుకు. భుజం లోపలి వైపుకు చెయ్యి పోదు. బ్రష్ పెట్టి గట్టిగా తోమితే స్టీలు మీద గీతలు పడతాయి, ఆ గీతల్లోనే తర్వాత క్రిములు దాక్కుంటాయి. అందుకని వేడి ద్రావణాన్ని పంపుతో తిప్పి కడిగే ఏర్పాటు కట్టాను. ఇలాంటిదే కట్టుకునేవాళ్లకు అంకెలు చేతిలో ఉండాలని, పని ఎక్కడెక్కడ చెడుతుందో ముందే తెలియాలని ఈ డైరీ.

సామాను: 50 లీటర్ల స్టీలు కెటిల్ (వోర్ట్, అంటే ఇంకా పులియని మాల్టు రసం, మరిగించే పాత్ర), 30 లీటర్ల స్టీలు ఫర్మెంటర్ (వ్యాసం 35 సెం.మీ.), రాగి అతుకుల ప్లేట్ చిల్లర్ (మరిగిన వోర్ట్‌ను చల్లార్చేది), లోపలి వ్యాసం 12.7 మి.మీ. ఉన్న సిలికాన్ గొట్టాలు, మాగ్నెటిక్ డ్రైవ్ పంపు, మూత మధ్యలో బిగించే స్ప్రే బాల్ (చుట్టూ కన్నాల గుండా నీళ్లు చిమ్మే గుండు).

లూపు: ద్రావణం కెటిల్‌లో కాగుతుంది, పంపు దాన్ని ఫర్మెంటర్ మూత దగ్గర చిమ్ముతుంది, గోడల మీదుగా జారి అడుగు వాల్వ్ గుండా మళ్లీ కెటిల్‌లో పడుతుంది. ఫర్మెంటర్‌ని స్టాండు మీద ఎత్తుగా పెడితే వెనక్కి రావడానికి రెండో పంపు అక్కర్లేదు. కెటిల్ పై గోడకు చెయ్యి అందుతుంది కాబట్టి దాన్ని మెత్తని స్పాంజితో తుడిచేస్తాను.

దశ 1: ధార ఎంత?

1959లో హెర్బర్ట్ సిన్నర్ అనే కెమిస్టు శుభ్రం చేయడాన్ని నాలుగు ముక్కలు చేసి చెప్పాడు: రసాయనం, వేడి, సమయం, తాకిడి. ఒకటి తగ్గితే మిగతావి పెంచుకోవాలి. చాలామంది రసాయనం ఘాటు పెంచడంతో మొదలుపెడతారు. నేను తాకిడితో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే ద్రావణం చేరని చోట దాని ఘాటుతో పనే లేదు.

పంపు డబ్బా మీద నిమిషానికి 19 లీటర్లు అని ఉంది. అది గొట్టం, ఎత్తు ఏమీ లేకుండా వచ్చే అంకె. 10 లీటర్ల బకెట్టు, స్టాప్‌వాచ్ పెట్టి కొలిస్తే ఇలా వచ్చింది.

1. గొట్టం నుంచి నేరుగా: 46 సెకన్లు. నిమిషానికి 13 లీటర్లు.
2. మీటరు ఎత్తున స్ప్రే బాల్ గుండా: 71 సెకన్లు. నిమిషానికి 8.5 లీటర్లు.
3. ప్లేట్ చిల్లర్ గుండా: 86 సెకన్లు. నిమిషానికి 7 లీటర్లు.

గొట్టాల్లో మడ్డి ఊడాలంటే లోపల వేగం సెకనుకు 1.5 మీటర్లు ఉండాలన్నది పరిశ్రమలో వాడుక లెక్క. 12.7 మి.మీ. గొట్టంలో ఆ వేగం రావాలంటే నిమిషానికి 11.4 లీటర్లు పారాలి. మొదటి కొలత దాటింది, చిల్లర్ కొలత దాటలేదు. తొట్టి గోడలకు లెక్క వేరు: చుట్టుకొలత మీటరుకు నిమిషానికి దాదాపు 30 లీటర్లు. 35 సెం.మీ. వ్యాసమంటే చుట్టుకొలత 1.1 మీటర్లు, అంటే 33 లీటర్లు కావాలి. వస్తున్నది 8.5. పావు వంతు.

పంపుకు గాలి పడితే ఇంకా తగ్గుతుంది. మాగ్నెటిక్ డ్రైవ్ పంపు నీళ్లను తనంతట తాను పైకి పీల్చుకోలేదు. లోపల నిండా నీళ్లుంటేనే నెడుతుంది. గలగలమని గులకరాళ్లు తిరిగిన చప్పుడు వస్తే లోపల గాలి ఉందనో, పీల్చే వైపు ఇరుకైందనో అర్థం. నేను పాటించే వరస:

1. పంపు కెటిల్ వాల్వ్ కన్నా కిందికి ఉండాలి, బయటికి నెట్టే మూతి పైకి చూడాలి.
2. ముందు వాల్వ్ తెరిచి, పంపు ఆపి ఉంచి, గొట్టంలో బుడగలు ఆగేదాకా నీళ్లు నిండనివ్వాలి.
3. ఫ్లో తగ్గించాలంటే బయటికి వెళ్లే వైపు వాల్వ్ మాత్రమే తిప్పాలి. పీల్చే వైపు వాల్వ్ ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉండాలి.
4. ఒట్టి పంపు ఒక్క నిమిషం కూడా తిప్పకూడదు. ఇంపెల్లర్‌కి చల్లదనం, జారుడు రెండూ పారే ద్రవం నుంచే.

రసాయనం కలిపే ముందు 60 డిగ్రీల మామూలు నీళ్లతో లూపు మొత్తం పది నిమిషాలు తిప్పి చూడాలి. చల్లటి నీళ్లతో గట్టిగా పట్టుకుని ఉన్న గొట్టం వేడికి మెత్తబడి, పంపు మూతి నుంచి ఊడి ఎగిరింది. నీళ్లు కాబట్టి నేల తడిసి ఊరుకుంది. అదే కాస్టిక్ అయితే మొహం మీదికి వచ్చేది. ఆ తర్వాత ప్రతి అతుక్కీ స్టీలు క్లిప్పు, క్యామ్‌లాక్ (పిడులతో బిగించే గొట్టపు జోడు) పిడులకు కట్టు. పంపు కరెంటు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి) గుండా, ప్లగ్గు నేలకు ఎత్తుగా.

ఇప్పటిదాకా: నీళ్లు 45 లీటర్లు. రసాయనాలు సున్నా.

దశ 2: ఎక్కడ తడవడం లేదు?

దీనికి మంచి పరీక్ష ఉంది, మందుల ఫ్యాక్టరీల్లోనూ ఇదే చేస్తారు. రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, అతినీలలోహిత కాంతిలో పసుపు పచ్చగా మెరుస్తుంది. లీటరుకు 0.1 గ్రాము చొప్పున నీళ్లలో కలిపి ఫర్మెంటర్ లోపలంతా చిమ్మాను. ఆరకముందే మామూలు చల్లటి నీళ్లు 3 నిమిషాలు లూపులో తిప్పి, లైట్లు ఆర్పి యూవీ టార్చి వేసి చూశాను.

మెరుస్తున్నవి మూడు చోట్లు. థర్మోవెల్ (థర్మామీటర్ దూర్చే గొట్టం) వెనక నిలువుగా రెండు వేళ్ల వెడల్పు చార. మూత అడుగున, స్ప్రే బాల్ బిగించిన మూతి చుట్టూ. భుజం పైన నాలుగు సెంటీమీటర్ల పట్టీ. పులిసేటప్పుడు తెట్టు ఎగిసి అంటుకునేది సరిగ్గా ఆ పట్టీలోనే. ఎంత ఘాటు కాస్టిక్ పోసినా ఆ మూడు చోట్లకూ చుక్క అందేది కాదు.

మార్చినవి:

- పంపు: నిమిషానికి 36 లీటర్ల రేటింగు ఉన్నది.
- కదలని స్ప్రే బాల్ బదులు తిరిగే తల. బాల్ గోడలను ముంచెత్తి కడుగుతుంది కాబట్టి ఎక్కువ ఫ్లో అడుగుతుంది. తిరిగే తల సన్నని ధారలతో ప్రతి చోటునూ కొడుతుంది, అందుకని తక్కువ ఫ్లోతో సరిపెట్టుకుంటుంది. బిగించాక కొలిస్తే నిమిషానికి 21 లీటర్లు.
- థర్మోవెల్ ఊడదీసి విడిగా కడగడం, ఆ కన్నానికి బిరడా.

మళ్లీ రైబోఫ్లేవిన్ వేస్తే మూత గ్యాస్కెట్ గాడి ఒక్కటే మెరిసింది. ఏ ధారా ఆ గాడిలోకి పోదు. అది చేత్తో కడగాల్సిన పని.

తిరిగే తలతో కొత్త తంటా ఒకటి వచ్చింది. హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) తునక ఒక్కటి ఇరుక్కున్నా తల ఆగిపోతుంది, ధారలు ఒకే చోట కొడుతూ ఉంటాయి, బయటినుంచి చూస్తే అంతా బాగానే నడుస్తున్నట్టుంటుంది. అందుకని ఫర్మెంటర్ నుంచి వెనక్కి వచ్చే గొట్టం చివర నైలాన్ జల్లెడ సంచి కట్టాను. జల్లెడను పీల్చే వైపు మాత్రం పెట్టకూడదు. అది నిండేకొద్దీ పంపుకు నీళ్లు కరవై గలగల మొదలవుతుంది. తల తిరుగుతోందో లేదో ఫర్మెంటర్ గోడ మీద అరచెయ్యి ఆనిస్తే తెలుస్తుంది, తట్టినట్టు లయగా తగులుతుంది.

ఇప్పటిదాకా: నీళ్లు 69 లీటర్లు. రసాయనాలు, విటమిన్ కాకుండా, సున్నా.

దశ 3: సోడియం పర్‌కార్బొనేట్

మిశ్రమం: పర్‌కార్బొనేట్ 70 పాళ్లు, సోడియం మెటాసిలికేట్ 30 పాళ్లు. లీటరుకు 8 గ్రాములు. 12 లీటర్లకు 67 గ్రాములూ, 29 గ్రాములూ. పర్‌కార్బొనేట్ నీళ్లలో వాషింగ్ సోడాగా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా విడిపోతుంది. మెటాసిలికేట్ జిడ్డును పట్టి లేపుతుంది, లోహాన్నీ కాస్త కాపాడుతుంది. ఇది కాస్టిక్ అంత కాకపోయినా చర్మానికి, కళ్లకు మంచిది కాదు. గాగుల్స్, గ్లవ్స్ ఇక్కడినుంచే.

మొదటిసారి తిప్పినప్పుడు నురగ కెటిల్ అంచు దాటింది. ఆ నురగే పంపులోకి వెళ్లి ఫ్లో 21 నుంచి 6 లీటర్లకు పడిపోయింది. గోడలకున్న ప్రోటీను ఒకవైపు, పెరాక్సైడ్ వదిలే ఆక్సిజన్ ఇంకోవైపు. రెండు మార్పులతో సర్దుకుంది: రసాయనానికి ముందు నీళ్లు తేటగా వచ్చేదాకా తొలపడం, వెనక్కి వచ్చే గొట్టం చివరను ద్రావణం మట్టానికి కింద ముంచి ఉంచడం. ముందు తొలిపే నీళ్లు మరీ వేడిగా ఉండకూడదు. వేడికి ప్రోటీను గోడకే గట్టిపడి అంటుకుంటుంది.

నురగ తగ్గాక కూడా 30 నిమిషాలు తిప్పితే తెట్టు పట్టీ సగమే పోయింది. ఘాటు పెంచే ముందు థర్మామీటర్ తీశాను. కెటిల్‌లో 60 డిగ్రీలు, ఫర్మెంటర్ నుంచి వెనక్కి వచ్చే ద్రావణం 47. పల్చని స్టీలు గోడ, చుట్టూ గాలి, పైగా ధారలుగా చిమ్మడం: వేడి మొత్తం దారిలోనే పోతోంది. మురికికి తెలిసేది కెటిల్ వేడి కాదు, గోడ వేడి.

ఫర్మెంటర్‌కి ఫోమ్ చాప చుట్టి, కెటిల్‌ను 66 డిగ్రీలకు పెట్టాను. వెనక్కి వచ్చేది 60 అయింది. అదే మోతాదు, అదే 30 నిమిషాలు, గడియారం మాత్రం వెనక్కి వచ్చే ద్రావణం 60 తాకాకే మొదలు. పట్టీ పూర్తిగా పోయింది.

మిగిలింది కెటిల్ హీటర్ చుట్ట మీద మాడిన వోర్ట్, గట్టి గోధుమ రంగు పొర. దాన్ని పర్‌కార్బొనేట్ కదిలించలేదు.

ఒక హెచ్చరిక. ఈ ద్రావణాన్ని దాచుకోలేం, కొన్ని గంటల్లో పెరాక్సైడ్ బలం పోతుంది. మూత బిగించిన సీసాలో పోసి ఉంచితే ఆక్సిజన్ పీడనానికి సీసా పగలొచ్చు.

ఇప్పటిదాకా: నీళ్లు 139 లీటర్లు. పర్‌కార్బొనేట్ 134 గ్రాములు, మెటాసిలికేట్ 58.

దశ 4: కాస్టిక్ సోడా, 2 శాతం

ముందు పరీక్ష సీసా. లీటరు నీళ్లలో 20 గ్రాముల కాస్టిక్ కలిపి, లూపులో వాడే ప్రతి చిన్న భాగం నమూనానూ అందులో వేశాను. స్టీలు, పాలీప్రొపిలీన్, ఈపీడీఎం రబ్బరు వాషర్లు నిశ్చింతగా కూర్చున్నాయి. తెల్లగా మెరిసే ఒక క్యామ్‌లాక్ బిళ్ల మీద మాత్రం కాసేపటికి సన్నని బుడగలు వరసకట్టాయి. బుడగలు చిక్కబడి సీసా పైన తుంపర లేచింది, మెరుపు పోయి బూడిద రంగు, ఆపైన నలుపు తిరిగింది. అది స్టీలు కాదు, అల్యూమినియం. కాస్టిక్ దాన్ని తినేస్తుంది, వచ్చే బుడగలు హైడ్రోజన్, నిప్పంటుకునే వాయువు. అల్యూమినియం కెటిల్ ఉన్నవాళ్లు ఈ దశ మొత్తం వదిలెయ్యాలి. పాలీకార్బొనేట్, పెట్ ప్లాస్టిక్ కూడా వేడి కాస్టిక్‌కి పాడవుతాయి. వైటన్ రబ్బరు రింగులూ అంతే, వాటి చోట ఈపీడీఎం పెట్టుకోవాలి. గాజు పాత్రల మీద వేడి కాస్టిక్ మెరుపు తినేస్తుంది.

రెండోది, ఫర్మెంటర్‌లో మిగిలి ఉండే కార్బన్ డయాక్సైడ్. కాస్టిక్ దాన్ని పీల్చుకుని వాషింగ్ సోడాగా మారిపోతుంది. గది వేడిలో 30 లీటర్ల వాయువు దాదాపు 98 గ్రాముల కాస్టిక్‌ను మింగుతుంది. 12 లీటర్ల ద్రావణంలో నేను వేసేదే 240 గ్రాములు. అంటే మురికిని తాకకముందే నలభై శాతం ఖర్చు. పైగా మూతలన్నీ బిగించి ఉంటే లోపల వాయువు మాయమై శూన్యం ఏర్పడి, పల్చని తొట్టి లోపలికి నొక్కుకుపోతుంది. అందుకని ముందు తొలపడమే ఇలా మార్చాను: ఫర్మెంటర్‌ని అంచుదాకా నీళ్లతో నింపి, మూత తెరిచి, అడుగు నుంచి వదిలెయ్యడం. నీళ్లు దిగేకొద్దీ లోపలికి మామూలు గాలి వస్తుంది. లూపు నడిచినంతసేపూ మూత మీది గాలి రంధ్రం తెరిచే ఉంటుంది.

వరస:

1. అంచు బిగుతుగా పట్టే గాగుల్స్, మోచేతి దాకా వచ్చే నైట్రైల్ గ్లవ్స్, ఏప్రన్, మూసి ఉన్న బూట్లు. పక్కనే పారే కుళాయి.
2. 12 లీటర్ల చల్లటి నీళ్లు కెటిల్‌లో. కాస్టిక్ కొంచెం కొంచెంగా నీళ్లలోకి. కాస్టిక్ మీద నీళ్లు ఎప్పటికీ పొయ్యకూడదు, భగ్గుమని ఉడికి ఎగజిమ్ముతుంది. వేడి నీళ్లలోనూ కలపకూడదు.
3. 240 గ్రాములు కరిగేసరికి వేడి 5 డిగ్రీలు పెరిగింది.
4. వెనక్కి వచ్చే ద్రావణం 60 డిగ్రీలు అయ్యాక 25 నిమిషాలు.
5. ఏ అతుకు విప్పాలన్నా ముందు పంపు ఆపి, గొట్టంలోది కెటిల్‌లోకి దిగేదాకా ఆగాలి.

చర్మం మీద పడితే సబ్బులా జారుతుంది. అది చర్మంలోని కొవ్వు నిజంగానే సబ్బు అవుతున్న లక్షణం. కనీసం 15 నిమిషాలు పారే నీళ్ల కింద పెట్టాలి. నిమ్మరసం, వెనిగర్ పోసి విరిచే ప్రయత్నం చెయ్యొద్దు. కంట్లో పడితే అదే నీళ్లు, ఆపైన వెంటనే డాక్టరు.

హీటర్ మీది మాడు పది నిమిషాలకే పొరలుగా లేచింది, ఇరవైకి చుట్ట మెరిసింది. ద్రావణం టీ డికాషన్ రంగు తిరిగింది.

తొలపడంలో నీళ్లు ధారాళంగా వదిలే కన్నా విడతలుగా పోయడం మేలు. లూపు ఖాళీ చేశాక లోపల 0.6 లీటరు నిలిచిపోతోంది. ఒక్కో విడత 4 లీటర్లు పోసి, తిప్పి, పూర్తిగా దించేశాను. మూడో విడతకు పీహెచ్ కాగితం ఇంకా 10 దగ్గరే ఉంది. నాలుగో విడతలో కుళాయి నీళ్లతో సమానమైంది. మొత్తం 16 లీటర్లు.

కాస్టిక్‌ను ఒక్కసారికే పారబోయనక్కర్లేదు, బలం కొలిచి మళ్లీ వాడొచ్చు. కొలిచే పద్ధతి:

1. నిమ్మఉప్పు 70 గ్రాములు నీళ్లలో కరిగించి లీటరు చెయ్యాలి (మోనోహైడ్రేట్ రకం).
2. చల్లారిన కాస్టిక్ ద్రావణం 10 మి.లీ. తీసుకుని నీళ్లతో 100 మి.లీ. చెయ్యాలి. ఫినాల్ఫ్తలీన్ సూచిక రెండు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది.
3. సిరంజితో నిమ్మఉప్పు నీళ్లు రంగు పోయేదాకా వెయ్యాలి. ప్రతి 1 మి.లీ.కి 0.4 శాతం కాస్టిక్ లెక్క.

కొత్త ద్రావణానికి 5 మి.లీ. పట్టింది, అంటే 2 శాతం. వాడాక 4.1, అంటే 1.64. రెండో మెట్టులో పల్చన చెయ్యడం మానొద్దు: చిక్కటి కాస్టిక్‌లో ఫినాల్ఫ్తలీన్ రంగు కాసేపటికి దానంతటదే వెలిసిపోతుంది, బలం అయిపోయిందని పొరబడతారు.

ఇప్పటిదాకా: నీళ్లు 198 లీటర్లు. కాస్టిక్ 260 గ్రాములు, పరీక్ష సీసాతో కలిపి.

దశ 5: ఆమ్లం, గార

తడిగా ఉన్నప్పుడు ఫర్మెంటర్ అద్దంలా ఉంది. ఆరాక టార్చి వాలుగా వేస్తే తెట్టు పట్టీ ఉన్న చోటే మసక తెల్ల పొర, పళ్ల గార లాంటిది. వేలుగోరుతో గీస్తే పొడి రాలింది. తడి స్టీలును చూసి శుభ్రమని తేల్చకండి, ఆరనిచ్చి చూడండి.

ఇందులో రెండు పదార్థాలున్నాయి. కఠిన జలంలోని కాల్షియం కాస్టిక్‌తో కలిసి వదిలే కార్బొనేటు ఒకటి. మాల్టు నుంచి వచ్చే ఆక్సలేటు, నీళ్లలోని కాల్షియంతో కూడి కట్టే బీర్ స్టోన్ రెండోది. కాస్టిక్ వీటిని కరిగించదు.

నిమ్మఉప్పు లీటరుకు 20 గ్రాములు, 60 డిగ్రీలు, 20 నిమిషాలు: కార్బొనేటు పోయింది, పట్టీ పల్చబడింది కానీ మిగిలింది. కాల్షియం ఆక్సలేటుకు నిమ్మఉప్పు బలం చాలదు. తర్వాత ఫాస్ఫారిక్ ఆమ్లం 1.5 శాతం: 12 లీటర్లకు 85 శాతం ఆమ్లం 126 మి.లీ., నీళ్లలోకి మెల్లగా. 50 డిగ్రీలు, 30 నిమిషాలు. ఆరాక చూస్తే పొర లేదు. నీళ్లు చల్లితే చుక్కలుగా విడిపోకుండా ఒకే పొరగా జారాయి, జిడ్డు లేదనడానికి అదే గుర్తు.

ఆమ్లానికి ముందు తొలపడం పూర్తవ్వాలి. క్లోరిన్ బ్లీచ్ ఈ ఏర్పాటు దరిదాపుల్లోకి రానివ్వను. ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది, బ్లీచ్ ఒంటరిగా ఉన్నా స్టీలుకు గుంటలు పొడుస్తుంది.

ఇప్పటిదాకా: నీళ్లు 238 లీటర్లు. నిమ్మఉప్పు 240 గ్రాములు, ఫాస్ఫారిక్ 126 మి.లీ.

దశ 6: ప్లేట్ చిల్లర్

దీన్ని విప్పలేం, లోపల చూడలేం. ఫ్లో ఒక్కటే సాక్ష్యం. ఎంతసేపు తిప్పినా 10 లీటర్లకు 86 సెకన్లే. వోర్ట్ వెళ్లే దిశలోనే తిప్పితే హాప్స్ తునకలు ఇరుకుల్లోకి ఇంకా గట్టిగా దిగబడతాయి. గొట్టాలు తారుమారు చేసి ఎదురు దిశలో వేడి నీళ్లు, ఆపైన పర్‌కార్బొనేట్ మిశ్రమం, మధ్యమధ్య పంపు ఆపి మళ్లీ వదలడం. గుడ్డలో పట్టిన నల్లపచ్చ తునకలు ఆరబెట్టి తూస్తే 11 గ్రాములు. తర్వాత కొలత 50 సెకన్లు, నిమిషానికి 12 లీటర్లు. 11.4 గీత దాటింది. రాగి అతుకులున్నాయి కాబట్టి నైట్రిక్ కలిసిన ఆమ్లం దీనికి నిషిద్ధం.

ఇప్పటిదాకా: నీళ్లు 278 లీటర్లు.

దశ 7: బాల్ వాల్వ్

అన్ని పరీక్షలూ నెగ్గాక ఫర్మెంటర్ అడుగు వాల్వ్ మూడు ముక్కలుగా విప్పాను. బంతి వెనక, తెల్లని సీటుకూ ఒంటికీ మధ్య, గోధుమ రంగు ముద్ద. మెత్తగా, పుల్లని వాసనతో. పూర్తిగా తెరిచిన వాల్వ్‌లో ద్రావణం బంతి కన్నం గుండా నేరుగా పోతుంది, బంతి వెనక ఖాళీకి చుక్క పోదు. లూపు నడుస్తుండగా వాల్వ్‌ను సగానికి తిప్పి ఐదు నిమిషాలు ఉంచితే చాలావరకు కడుగుతుంది, పూర్తిగా కాదు.

కెటిల్‌కి బాల్ వాల్వ్ ఉంచేశాను, అక్కడ వోర్ట్ ఎలాగూ మరుగుతుంది. ఫర్మెంటర్‌కి మాత్రం బటర్‌ఫ్లై వాల్వ్ మార్చాను, ఈపీడీఎం సీటుతో. దాంట్లో దాక్కునే ఖాళీ లేదు. మార్చాక రెండు బీర్ల తర్వాత విప్పి దూదితో తుడిస్తే దూది తెల్లగానే వచ్చింది.

ఇప్పుడు నడుస్తున్న వరస

1. నింపి దించడం: 30 లీటర్లు.
2. దాచిన కాస్టిక్, బలం 1.5 శాతం కన్నా తగ్గితే పొడి కలిపి. 60 డిగ్రీలు, 25 నిమిషాలు.
3. నాలుగు విడతల తొలుపు: 16 లీటర్లు.
4. నిమ్మఉప్పు 12 లీటర్లు. ఆరాక గార కనిపిస్తే అప్పుడు ఫాస్ఫారిక్.
5. పులియబెట్టే రోజున పెరాసిటిక్ ఆమ్లం 100 నుంచి 200 పీపీఎం (లీటరుకు అన్ని మిల్లీగ్రాములు). శుభ్రం చెయ్యడం, క్రిములు చంపడం రెండు వేరే పనులు. నురగ వచ్చే ఆమ్ల శానిటైజర్లు స్ప్రే లూపుకు పనికిరావు, పంపుకు మళ్లీ గాలి పడుతుంది.

కాస్టిక్ పాతబడి నల్లబడ్డాక చల్లార్చి విరిచేస్తాను. 2 శాతం ద్రావణం 10 లీటర్లకు నిమ్మఉప్పు దాదాపు 350 గ్రాములు, పీహెచ్ కాగితం 7, 8 మధ్యకు వచ్చేదాకా కొద్దికొద్దిగా. వాడేసిన నిమ్మఉప్పు ద్రావణం ముందు అందులో పోస్తే కొత్త పొడి తక్కువ పడుతుంది. కాస్టిక్ నిలవ ఉంచే పాలీప్రొపిలీన్ డబ్బా మీద పేరు, శాతం, కలిపిన తేదీ రాసి తాళం ఉన్న అలమరలో పెడుతున్నాను.